కడగనివ్వని సీసాలు

పుష్పవల్లి పేరెత్తితే మా డిపార్టుమెంటులో ముందుగా వినబడే మాట ‘మొండిఘటం’. ఆ మాట చెవిన పడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చూసినదాన్ని చూశానని, చూడనిదాన్ని చూడలేదని చెప్పడం మొండితనమైతే, మిగతావాళ్లు చేసే పనికి ఏం పేరు పెట్టాలో వాళ్లే చెప్పాలి. ఆమె కథను ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటూనే ఉన్నారు. పక్క బల్ల మీద పనిచేసి అంతా కళ్లారా చూసినదాన్ని కాబట్టి నేనూ చెబుతాను.

అప్పటికి మద్రాసు ఇంకా చెన్నై కాలేదు. 1993లో మేమిద్దరం అక్కడ ఒక కాలేజీలో రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాం. నాది కావలి, హాస్టల్లో ఉండేదాన్ని. పుష్పవల్లిది ఆ ఊళ్లోనే తండయార్‌పేట. వాళ్ల పెద్దలు ఏ రాజుల కాలంలో ఈ వైపు వచ్చారో వాళ్లకే తెలియదు. తండ్రి యతిరాజులు గారు మనలి అనే పేటలో ఒక కంపెనీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. పుష్పవల్లికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ల్యాబులో ఇంగ్లీషు. కోపం వస్తే మూడూ కలిసి వచ్చేవి. సన్నగా పొడుగ్గా ఉండేది, జడ బిగించి అల్లుకునేది, బస్సులో గంటన్నర నిలబడి వచ్చినా మొహంలో అలసట కనబడనిచ్చేది కాదు. ఇప్పుడు తిరువొత్తియూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెబుతోంది.

ఆమె పని గాలియం అనే లోహం మీద. పుస్తకాల్లో దాన్ని గురించి ఒక ముచ్చట రాస్తారు, గట్టి ముక్కను అరచేతిలో పెట్టుకుంటే ఒంటి వేడికే కరిగిపోతుందని. మద్రాసులో ఆ ముచ్చట మాకు తీరలేదు. ఏడాదిలో చాలా భాగం అది సీసాలో పాదరసంలా జారుతూనే ఉండేది. “చెయ్యేమిటికి హైమా, మన ఊరి ఎండ చాలదా” అనేది పుష్పవల్లి.

ఆ లోహాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ఉప్పుగా మార్చి, ఆ ఉప్పును నీళ్లలో వేస్తే నీళ్లు పుల్లబడతాయి. మనం బయటినుంచి ఆమ్లం ఒక్క చుక్క కలపకపోయినా పుల్లబడతాయి. మూడు ధనావేశాలున్న గాలియం అయాను ఆరు నీటి అణువులను చుట్టూ చేర్చుకుని, వాటిని ఎంత గట్టిగా లాగిపట్టుకుంటుందంటే, ఆ పట్టుకు నీటిలోని హైడ్రోజను ఊడి బయటపడుతుంది. ఆ ఊడిపడినదే పులుపు. పటికలో ఉండే అల్యూమినియం కూడా ఇదే పని చేస్తుంది కానీ కాస్త మెతక. మూలకాల పట్టికలో అల్యూమినియం కింద గాలియం, దాని కింద ఇండియం ఉంటాయి. కిందకు దిగేకొద్దీ అయాను పెద్దదై పట్టు సడలాలని మాకు బి.ఎస్సీ.లో చెప్పారు. గాలియం ఆ మాట వినలేదు. అల్యూమినియం కంటే పెద్దదై ఉండి కూడా దానికంటే గట్టిగా పట్టి, దానికంటే ఎక్కువగా నీళ్లను పుల్లబరుస్తుంది. “కూర్చోబెట్టిన చోట కూర్చునే రకం కాదు ఇది. అందుకే తీసుకున్నా” అని మొదటి రోజే నాతో అంది.

ఆ పుల్లటి నీళ్లలో కొద్దికొద్దిగా క్షారం వేస్తూ పోతే, హైడ్రోజను పోగొట్టుకున్న అయాన్లు ఒకదానితో ఒకటి చేతులు కలుపుతాయి. జంటలవుతాయి, గుంపులవుతాయి, చివరికి నీళ్లలో నిలవలేక తెల్లటి పొడిగా అడుగున కూర్చుంటాయి. ఎంత క్షారానికి ఎంత పులుపు మిగిలిందో పి.హెచ్. మీటరుతో కొలిస్తే ఏ గుంపు ఎంత ఉందో లెక్క కట్టవచ్చు. ఆ లెక్కే ఆమె థీసిస్.

ఆ లెక్క కట్టడానికి ఒక పద్ధతి పెట్టినవారు మా గైడు కృష్ణన్ గారు. క్షారం వేయి, కలుపు, మీటరు ముల్లు ఆగగానే అంకె రాసుకో, తర్వాతి సీసాకు వెళ్లు. ఆయన తన కుర్రతనంలో అలాగే కొలిచి పేరున్న పత్రికలో వ్యాసం వేశారు. ఆ వ్యాసం మీదే ఆయన పరపతి అంతా నడిచేది. చెడ్డమనిషేమీ కాదు. నుదుట విభూతి, చేతిలో ఫ్లాస్కు, మాటలో తొందర. ఆయన తమిళం, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవారు, నేను తెలుగులో చెబుతున్నాను.

సాయంత్రం నాలుగయ్యేసరికి సీసాలన్నీ కడిగెయ్యాలి. మంచి సీసాలు మాకు కొద్దిగానే ఉండేవి, రేపటి పనికి అవే కావాలి. కడిగేది అటెండరు పచ్చయమ్మ. వ్యాసర్‌పాడి తెలుగు మనిషి, యాభై దాటిన వితంతువు, ఏళ్ల తరబడి పనిచేస్తున్నా ఇంకా టెంపరరీయే. ఆ ఏడు మద్రాసులో నీళ్లకు కటకటలాడిపోయాం. కొళాయి గాలి వదిలేది, కాలేజీకి లారీ వస్తేనే నీళ్లు. డిస్టిల్డ్ వాటరు తీసే స్టిల్లును చల్లబరచడానికి పోసే నీళ్లు మామూలుగా మోరీలోకి పోతాయి. పుష్పవల్లి ఆ గొట్టాన్ని బకెట్లోకి తిప్పింది. ఆ నీళ్లతోనే పచ్చయమ్మ ల్యాబు తుడిచేది, సీసాలకు మొదటి కడుగు కడిగేది. వాళ్లిద్దరి స్నేహం ఆ బకెట్టు దగ్గర మొదలైంది.

ఇక ఆయుధపూజ సంగతి. ఆ ఊళ్లో ఆయుధపూజ నాడు ఆటోకైనా, లేతు మిషనుకైనా, రైలింజనుకైనా బొట్టు పెట్టాల్సిందే. మా ల్యాబులోనూ అంతే. మీటర్లు, త్రాసు, స్టిల్లు అన్నీ తుడిచి గంధం కుంకుమ పెట్టారు. గుమ్మానికి రెండు వైపులా నిమ్మకాయ చెక్కలు కుంకుమ అద్ది ఉంచారు. వరండాలో బూడిదగుమ్మడికాయ పగలగొట్టారు. హారతి ఇచ్చింది కృష్ణన్ సారే. పచ్చయమ్మ అందరికీ బొరుగులు, పుట్నాలు, బెల్లం పంచింది.

ఆ ముందురోజు పుష్పవల్లి గాలియం సీసాలు వరసగా నింపి, అంకెలు రాసుకుని, పూజ హడావిడిలో కడగడానికి ఇవ్వడం మరిచిపోయింది. పూజ పొద్దున చూసుకుని, సరే వీటికి మాత్రం ఏం తక్కువని, మూతలు బిగించి ఉన్న ఆ సీసాలన్నింటికీ తానే ఒక్కో బొట్టు పెట్టింది. పూజలో పెట్టిన వస్తువును ముట్టుకోకూడదు, మర్నాడు విజయదశమికి పెట్టినవాళ్లే వచ్చి కదపాలి. ఇది పచ్చయమ్మకు కాలేజీ రూల్సు కంటే పెద్ద రూలు.

మర్నాడు పుష్పవల్లి రాలేదు. ఊరంతా ‘మద్రాస్ ఐ’ అనే కళ్లకలక తిరుగుతోంది, ఆమెకూ తగులుకుంది. రెండు కళ్లూ ఎర్రగా వాచి ఇంట్లో కూర్చుంది. తర్వాత పట్టిన వానలకు రోడ్లు మునిగి మరి కొన్నాళ్లు పోయాయి. ఈలోగా ఆ సీసాలు కావాలని ఎవరెవరో అడిగారు. నేనూ అడిగాను. పచ్చయమ్మ బల్లకు అడ్డంగా నిలబడింది.

“బొట్టు పెట్టింది పుష్పపాప. ఆ పాప వొచ్చి కదిపిందాకా నేను కడగను. కావాలంటే నీ బల్ల కడుగుతా, అది నల్లగా ఉండాది” అంది నాతో.

పుష్పవల్లి నల్లకళ్లద్దాలతో తిరిగొచ్చిన పొద్దున నేను పక్కనే ఉన్నాను. సీసాలు ఎత్తి కిటికీ వైపు పెట్టి చూసి అలాగే నిలబడిపోయింది. క్షారం తక్కువ వేసినవి నీళ్లలాగే ఉన్నాయి. ఎక్కువ వేసినవి పాలు కలిపినట్టు మసకేసి, కొన్నింటి అడుగున తెల్లటి పొడి సన్నగా పేరుకుంది. మీటరు పెట్టింది. పులుపు పెరిగింది. ఆ రోజు ముల్లు ఆగిందని రాసుకున్న అంకెలకు, ఇప్పటి అంకెలకు పొంతన లేదు.

“ఇది చూడు హైమా” అంది గొంతు తగ్గించి. “ముల్లు ఆగింది గానీ నీళ్లలో పని ఆగలా. మనం చూడకపోయినా మెల్లిగా గుంపులు కడతానే ఉండాది, కట్టే కొద్దీ హైడ్రోజను వొదల్తానే ఉండాది. అంటే మనం ఇన్నాళ్లూ సగం కథ రాసుకుని సంతకం పెడతా ఉండాం.”

సగం కథ ఎవరిదో ఇద్దరికీ తెలుసు. కృష్ణన్ సారు వ్యాసంలోని అంకెలన్నీ ముల్లు ఆగగానే రాసుకున్నవే.

ఆమె దాచిపెట్టలేదు. ఆ మధ్యాహ్నమే సీసాలు ట్రేలో పెట్టుకుని సారు గదికి వెళ్లింది, నన్నూ రమ్మంది. సారు సీసాలకేసి చూశారు, బొట్లకేసి చూశారు.

“పూజలో ఏదో పడింది” అన్నారు. “నిమ్మరసం పడి ఉంటుంది. అందుకే పులుపు పెరిగింది. పారబోసెయ్.”

“మూతలు బిగించి ఉండినాయి సార్.”

“మూత తీసి తుడిచి ఉంటుంది ఆ పచ్చయమ్మ. కుంకుమ పడిందేమో, విభూతి పడిందేమో.”

“కుంకుమలో సున్నం ఉంటుంది, విభూతి బూడిద. పడితే పులుపు తగ్గాల సార్, పెరగకూడదు.”

“అయితే నిమ్మకాయే” అని ఆయన ఫ్లాస్కు మూత బిగించారు.

రెండు రోజుల్లో ఒక కాగితం టైపు చేయించారు. పూజ సమయంలో అటెండరు అజాగ్రత్త వల్ల ద్రావణాలు పాడయ్యాయని, ఆ కొలతలను పరిశోధకురాలు తన ఇష్టపూర్వకంగా వదిలేస్తోందని అందులో ఉంది. కింద పుష్పవల్లి సంతకానికి చోటు. సంతకం పెడితే పాత అంకెలతో సంక్రాంతిలోపు థీసిస్ సారాంశం ఆయనే సంతకం చేసి యూనివర్సిటీకి పంపుతారు. పెట్టకపోతే పంపరు. ఏడాది చివరికి ఆమె ఫెలోషిప్పు అయిపోతుంది. ఆ కాగితం ఆఫీసుకు వెళితే పచ్చయమ్మ టెంపరరీ ఉద్యోగం ఆ రోజుతో సరి. ఒక్క సంతకం, అటో ఇటో.

పుష్పవల్లి కాగితం రెండుసార్లు చదివింది. “హారతి ఇచ్చింది మీరు కదా సార్. ఇందులో మీ పేరు లేదే” అంది.

సారు మొహం ఎర్రబడింది. నేను గోడవైపు చూశాను, నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

“నీ మంచికే చెబుతున్నాను పుష్పా.”

“నేను చూడనిదాన్ని చూసినట్టు రాయలేను సార్. ఆమె మూత తీయడం నేను చూడలేదు. మీరు చూస్తే మీరు సంతకం పెట్టండి.” కాగితాన్ని బల్ల మీద ఆయన వైపు తిప్పి పెట్టి బయటికి వచ్చేసింది.

సంగతి పచ్చయమ్మకు తెలియడానికి ఎంతసేపు. మెట్ల దగ్గర పట్టుకుంది.

“పెట్టేయ్ పాపా” అంది. “నాకేముండాది, ఇంకో చోట తుడుచుకుంటా. నీ సదువు నా మూలాన పోగూడదు.”

“నువ్వు సీసా మూత తీసినావా అక్కా?”

“సత్యంగా తీయలా.”

“అయితే నోరు మూసుకుని పొయ్యి సీసాలు కడుక్కో” అంది పుష్పవల్లి. ఆ కోపం పచ్చయమ్మ మీద కాదని పచ్చయమ్మకు తెలుసు. అయినా కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది.

ఆ ఆదివారం నేను తండయార్‌పేట వెళ్లాను. వాళ్ల అమ్మ తాయారమ్మ గారు లారీ నీళ్లు బిందెల్లో పట్టి పటిక తిప్పుతున్నారు. బురద నీళ్లు, తెల్లారేదాకా ఉంచితేగాని తేరవు. పటిక తిప్పగానే ముంచుకోబోయిన నా చేతి మీద ఒకటి వేశారు.

“అదే అదే” అంది పుష్పవల్లి. “మా అమ్మ ఒక బిందె నీళ్లకు ఇచ్చే టైము మా సార్ థీసిస్‌కు ఇవ్వడు.”

యతిరాజులు గారు నవ్వలేదు. “పెద్దాయనతో పెట్టుకోవద్దమ్మా. సంతకం పెట్టేయ్. డిగ్రీ వొచ్చినాక నీకు తోచింది రాసుకోవచ్చు” అన్నారు.

“డిగ్రీ మీద అబద్ధం ఉంటే ఆ తర్వాత నేను రాసేది ఎవరు నమ్ముతారు నాయినా” అంది. ఆయన పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ ఇంట్లో ఆ పూట ఎవరూ సరిగ్గా తినలేదు. నాకు మాత్రం ఆ తండ్రి మీద కోపం రాలేదు, భయపడడం కూడా ప్రేమలో భాగమే.

మర్నాటి నుంచి పుష్పవల్లి తన జవాబు తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ జవాబు నిమ్మకాయలోనే ఉంది. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లానికి గాలియం అంటే మహా ఇష్టం. నీళ్ల అణువులను పక్కకు నెట్టి తానే అయానును చుట్టుకుంటుంది. అలా చుట్టుకున్న అయాను ఇంకో అయానుతో చేయి కలపలేదు, గుంపు కట్టలేదు, పొడిగా దిగలేదు. ఆసుపత్రుల్లో ఒంట్లోని వాపులు, గడ్డలు చూడడానికి గాలియం ఎక్కించేటప్పుడు సిట్రేటుతో కలిపి ఎక్కించేది అందుకే. అంటే ఆ సీసాల్లో నిజంగానే సరిపడా నిమ్మరసం పడి ఉంటే అవి పుల్లగా ఉండేవి గానీ, నిర్మలంగా కూడా ఉండేవి. మసకేసేవి కావు.

“సారు నిమ్మకాయ అన్నాడు. మంచిది. నిమ్మకాయనే సాక్ష్యానికి పిలుద్దాం” అంది.

ఆమె కొత్తగా రెండు వరసలు నింపుతుందని తెలిసి సారు ఆమె మీటరును బీరువాలో పెట్టి తాళం వేయించారు. ఆమె నా మీటరు తీసుకుంది. బల్ల ఖాళీ చేయమన్నారు. ఆమె నా బల్లకు వచ్చింది. నా పనంతా ఒక మూలకు నెట్టి కూర్చుంది, అడగనైనా అడగలేదు. అడిగి ఉంటే నాకే కోపం వచ్చేది.

మొదటి వరస సీసాల్లో గాలియం, క్షారం మాత్రమే. రెండో వరసలో అవే, కానీ వడగట్టిన నిమ్మరసం కూడా. పని మొదలైన మర్నాడు యతిరాజులు గారు గుడ్డసంచితో మా ల్యాబు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. సంచిలో నిమ్మకాయలు. “మార్కెట్లో నాటుకాయలు బాగుండినాయి” అని నా చేతికి ఇచ్చారు. కూతురి వైపు చూడకుండానే వెళ్లిపోయారు. పుష్పవల్లి కిటికీ వైపు తిరిగి చాలాసేపు సీసాలు తుడిచింది.

సీసాలు నింపడం ఒక పని, వాటిని వారాల తరబడి ఎవరూ కడగకుండా కాపాడడం ఇంకో పని. పుష్పవల్లి కుంకుమ భరిణె తెచ్చి అన్నింటికీ బొట్లు పెట్టింది. పచ్చయమ్మ వాటి ముందర రెండు పూలు కూడా పెట్టింది. ఒకరోజు సారు వచ్చి, ఈ చెత్త ఏమిటి, కడిగించమన్నారు.

“పూజలో పెట్టినవి సార్” అంది పుష్పవల్లి.

“ఇప్పుడేం పూజ? కార్తిగై దీపాల పండగ కూడా అయిపోయింది.”

“మాకు ఇంకా అవలేదు సార్. కడగాలంటే మీరే మీ చేత్తో తీసి ఇవ్వండి.”

పొద్దున్నే గుడికెళ్లి కపాలీశ్వరుణ్ణి చూడనిదే కాఫీ తాగని మనిషి ఆయన. చేయి ముందుకు రాలేదు. ఆయన భక్తిని ఆయనకే అడ్డం పెట్టిందని తర్వాత కొందరు తప్పుపట్టారు. పట్టనీ. హారతి పళ్లెం పట్టుకున్నప్పుడు లేని అనుమానం అంకెలు మారాక వచ్చినప్పుడు, భక్తి ఎక్కడికి పోయిందో వాళ్లు అడగలేదు.

డిసెంబరు వెళ్లిపోయింది, దానితో ఫెలోషిప్పూ పోయింది. పుష్పవల్లి రావడం మానలేదు. పొద్దున ట్యూషను చెప్పి, బస్సెక్కి, అదే వేళకు అదే జడతో వచ్చేది. సంతకం లేని కాగితం సారు బల్ల మీద పేపర్‌వెయిట్ కింద అలాగే ఉండేది. దాన్ని దాటి వెళ్లిన ప్రతిసారీ పచ్చయమ్మ తల దించుకునేది. పుష్పవల్లి ఎత్తుకునే వెళ్లేది.

సంక్రాంతి సెలవుల తర్వాత డిపార్టుమెంటు సెమినారు. పరిశోధకులందరూ తమ పని వరసగా చెప్పాలి, గైడు అడ్డుపడినా ఆ హక్కు తీసేయలేరు. మా హెడ్డు రంగసామి గారు ముందు వరసలో కూర్చున్నారు. ఆ ఏడే రిటైరవబోతున్న మనిషి, ఎవరి జోలికీ పోని మనిషి. పచ్చయమ్మ టీ కప్పులతో తలుపు దగ్గర నిలబడింది.

పుష్పవల్లి అంకెలతో మొదలుపెట్టలేదు. పాత పూజ సీసాలు ఒక పక్క, కొత్త వరసలు రెండూ ఒక పక్క బల్ల మీద పెట్టింది, బొట్లతో సహా.

“పూజనాటి సీసాల్లో అటెండరు నిర్లక్ష్యం వల్ల నిమ్మరసం పడిందని నా కొలతల మీద ఒక ఆరోపణ ఉంది” అంది ఇంగ్లీషులో, తడుముకోకుండా. “ఈ వరసలో నిమ్మరసం నేనే వేశాను. చూడండి.”

రంగసామి గారు లేచి వచ్చారు. ఒక్కో సీసా ఎత్తి వెలుతురులో చూశారు. నిమ్మరసం వేసినవి తేటగా ఉన్నాయి, వెనక ఉన్న కిటికీ ఊచలు లెక్కపెట్టుకోవచ్చు. వేయనివాటిలో క్షారం ఎక్కువున్నవి అచ్చం పూజ సీసాల్లాగే పాలు విరిగినట్టున్నాయి.

“సిట్రేటు కట్టేసింది” అన్నారు తనలో తాను.

“అవును సార్. నిమ్మరసం పడి ఉంటే పూజ సీసాలు ఇలా తేటగా ఉండాలి. అవి మసకేశాయి కాబట్టి వాటిలో పడలేదు. పచ్చయమ్మ మూత తీయలేదు. తప్పు పూజది కాదు. మనం రాసుకునేసరికి నీళ్లలో పని పూర్తి కాలేదు, అంతే.” ఒక్క క్షణం ఆగింది. “ముల్లు ఆగగానే రాసుకున్న అంకెలు ఈ రంగంలో ఎవరివైనా సరే, నావైనా సరే, మళ్లీ చూడాలి.”

అందరి కళ్లూ కృష్ణన్ సారు మీద ఉన్నాయి. ఆయన లేచారు. పూజ సీసా ఒకటి, నిమ్మ సీసా ఒకటి చెరో చేత్తో పట్టుకుని, వాటినే చూస్తూ చాలాసేపు ఉన్నారు. ఆయనా రసాయనశాస్త్రం చదివిన మనిషే, కంటికి కనబడేదాన్ని కాదనలేకపోయారు. సీసాలు జాగ్రత్తగా, వాటి చోట్లలోనే పెట్టి బయటికి వెళ్లిపోయారు.

తలుపు దగ్గర టీ కప్పులు పళ్లెంలో గలగలమన్నాయి. పచ్చయమ్మ ఏడుస్తోంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, తన పేరు మాత్రం వినబడింది.

తర్వాత జరిగినదంతా నెమ్మదిగా జరిగింది. కృష్ణన్ సారు ఆమెకు గైడుగా ఉండనన్నారు, రంగసామి గారు తన రిటైర్మెంటు ముందు ఆ బరువు నెత్తిన వేసుకున్నారు. థీసిస్ ఏడాది వెనకబడింది. పుష్పవల్లి కొలతలన్నీ మొదటినుంచి, ఓపిగ్గా, సీసాలు వదిలేసి వదిలేసి మళ్లీ చేసింది. పేపర్‌వెయిట్ కింద కాగితం ఒకరోజు కనబడకుండా పోయింది. ఎవరు తీశారో ఎవరూ అడగలేదు.

మరుసటి ఏడు ఆయుధపూజకు ముందు కృష్ణన్ సారు నోటీసు పెట్టించారు, ల్యాబు గదుల్లో పూజలు చేయరాదని. పుష్పవల్లి నోటీసు చదివి, గంధం కుంకుమా నిమ్మకాయలూ పట్టుకుని పొద్దున్నే వచ్చింది. పచ్చయమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

“వొద్దు పాపా, మళ్లీ ఏమిటికి గొడవ.”

“పోయిన ఏడు నేను పెట్టినా. ఈ ఏడు నువ్వు పెట్టు” అని భరిణె ఆమె చేతిలో పెట్టింది. పచ్చయమ్మ చీర కొంగు బిగించి లోపలికి వచ్చింది. మీటర్లకు పెట్టింది, స్టిల్లుకు పెట్టింది, నా బల్లకు పెట్టింది, పుష్పవల్లి సీసాలకు పెట్టింది. చివరి బల్ల మీద ఇంకో వరస సీసాలున్నాయి. అవి కృష్ణన్ సారువి. తన పాత కొలతలు మళ్లీ చేయడానికి ఆయన నెల కిందటే నింపి, మూతలు బిగించి, ఎవరికీ చెప్పకుండా వదిలిపెట్టినవి. పచ్చయమ్మ వాటికీ ఒక్కో బొట్టు పెట్టింది.

హారతి అవుతుండగా సారు వచ్చారు. ఎవరినీ పలకరించకుండా నేరుగా తన బల్ల దగ్గరికి వెళ్లి సీసాల వైపు చేయి చాచారు.

“ముట్టుకోవద్దు సార్” అంది పచ్చయమ్మ.

సారు చేయి గాలిలోనే ఉంది. “ఇవి నా సీసాలు” అన్నారు.

“సీసాలు మీవే సార్. బొట్టు పెట్టింది నేను. నేను కదిపినాక చూసుకోండి.”

ఆయన పుష్పవల్లి వైపు చూశారు. ఆమె బొరుగులు పొట్లం కడుతోంది, తల ఎత్తలేదు. ఆయన చేయి మెల్లిగా వెనక్కి తీసుకున్నారు. వెనక్కి నడిచి, గుమ్మం బయట చెప్పులు విడిచి వచ్చి, మా వెనక వరసలో నిలబడ్డారు.